ఇంట్లో ఎవరు గొణుగుతున్నారు?

నేను రిటైరైన కొత్తలో, మా ఆస్పత్రి పిల్లల విభాగంలో అప్పుడే చేరిన ముగ్గురు కుర్ర డాక్టర్లు మా ఇంటికొచ్చారు. కాఫీలయ్యాక అసలు సంగతి బయటపెట్టారు. పసిపిల్లల ఎదుగుదలలో తేడా ఉందేమో చూడాలంటే అన్నిటికంటే ముందు ఏ పరీక్ష చేయాలి మేడమ్ అని అడిగారు. ఇంట్లోవాళ్ల బెంగ ఏమిటో కనుక్కోండి అన్నాను. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏదో కొత్త యంత్రం పేరు చెబుతానని ఆశపడ్డట్టున్నారు పాపం. కాఫీ చాలా బాగుందని చెప్పి లేచారు. ఆ రోజు సగంలో ఆగిన మాటను ఇప్పుడు తీరిగ్గా పూర్తి చేస్తున్నాను.

ప్రమోషన్లూ సన్మానాలూ రాయను. వాటి గురించి మా ఇంట్లోవాళ్లే వినరు, మీరెందుకు వింటారు? నా పనేమిటో చెబితే చాలు. టీకా కోసం బెంగళూరు నలుమూలల నుంచీ వచ్చే పిల్లలు వయసుకు తగ్గట్టు ఎదుగుతున్నారా లేదా చూడడం నా పని. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం, మాట్లాడడం, మనుషుల్ని గుర్తుపట్టడం, ఇవన్నీ చూసేదాన్ని. ఒక్కో బిడ్డతో గడపడానికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో బిడ్డ నిద్రయినా పోతుంటాడు, పోయినసారి సూది గుర్తొచ్చి ఆరున్నొక్క రాగమైనా అందుకుంటాడు. రోజంతా కళ్లెదుట పెట్టుకుని చూసేవాళ్లకు తెలిసింది, ఆ హడావుడిలో డాక్టరుకు ఎక్కడ తెలుస్తుంది? వాళ్ల చేత చెప్పించుకోవాలి. అదే కష్టం.

ఇన్‌కమ్ టాక్స్ ప్రశ్న

అప్పట్లో మేమందరం ఒకటే ప్రశ్న అడిగేవాళ్లం. బిడ్డకేమైనా ప్రాబ్లమ్ ఉందా? అందరూ ఒకటే జవాబు చెప్పేవాళ్లు. ఏం లేదు మేడమ్. అడిగామన్న తృప్తి మాకు, తప్పించుకున్నామన్న తృప్తి వాళ్లకు.

మా చీఫ్ మంగళూరు వైపు మనిషి. నవ్వుతూ చీవాట్లు పెట్టడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. ఒకరోజు నా పక్కన కూర్చుని చాలాసేపు చూసి, ఏమమ్మా, ఇన్‌కమ్ టాక్స్ వాళ్లలా అడుగుతున్నావే, ఎవరు చెబుతారు అన్నారు. ఆ మాట నాకు సూటిగా తగిలింది. మా నాన్న కాటన్‌పేటలో హోల్‌సేల్ బట్టల వ్యాపారి. ఇన్‌కమ్ టాక్స్ అన్న మాట వినపడితే మా ఇంట్లో ఎంతటి వాగుడుకాయకైనా నోరు ఎలా మూతబడేదో నాకు బాగా తెలుసు.

ఆలోచిస్తే అంతే కదా. మనవాళ్లు కన్నబిడ్డకు లోపముందని నోటితో అనరు. అంటే అదే నిజమవుతుందని భయం. పిల్లవాడు బొద్దుగా ఉన్నాడంటేనే దిష్టి తీసే జనం, మాటలు రావడంలేదని ముక్కూ మొహం తెలియని డాక్టరుతో చెబుతారా? పైగా అత్తగారు పక్కనే కూర్చుని ఉంటుంది.

అప్పటి నుంచి ప్రశ్న మార్చాను. బిడ్డను ఒళ్లోకి తీసుకుని, కాసేపు ఎవరి పోలికో మాట్లాడి, ఆ తర్వాత, "ఈ బిడ్డ గురించి ఇంట్లో ఎవరు గొణుగుతుంటారు? ఏమని?" అని అడిగేదాన్ని. గొణిగేవాళ్లు లేని తెలుగు ఇల్లు ఉండదు. కన్నడ ఇల్లు కూడా ఉండదని మా చీఫ్ హామీ ఇచ్చారు. ఇక చూడండి, గేట్లెత్తినట్టు మాటలు. మా ఆడపడుచు అంటుంది మేడమ్, మా పక్కింటావిడ అంటోంది మేడమ్. తన బెంగను ఇంకొకరి నోట పెట్టే వీలు దొరికితే తల్లికి ధైర్యం వస్తుంది. సగం కేసుల్లో ఆ ఆడపడుచు ఏమీ అని ఉండదని నాకూ తెలుసు.

ఎడమచెయ్యి మాన్పించండి

కాటన్‌పేట నుంచే ఒకసారి ఒక నాయనమ్మ వచ్చింది. పాత్రల వ్యాపారం చేసే కుటుంబం. ఒళ్లో మనవడు, ఏడాది నిండని బొండుమల్లె లాంటి పిల్లాడు. ఎవరు గొణుగుతారని నేను అడిగీ అడగకముందే ఆమె అందుకుంది.

"నేనే గొణిగేది డాక్టరమ్మా. వీడు అన్నీ ఎడమచేత్తోనే పట్టుకుంటా ఉండాడు. రేపు అంగట్లో కూర్చోవాల్సినోడు, ఎడమచేత్తో ఇస్తే తీసుకునేదెవరప్పా? ఎట్లన్నా చేసి మాన్పించండి."

వాళ్లు చేయగలిగిన వైద్యం అప్పటికే చేశారు. ఎడమచేతికి తువ్వాలు చుట్టి కూర్చోబెడితే కుడిచేత్తో తీసుకుంటాడనుకున్నారు. తీసుకోలేదు. గుక్కపట్టి ఏడ్చాడు. కొత్తగా చేరిన డాక్టరైతే, ఎడమచేతివాటం తప్పుకాదు అవ్వా, కాలం మారింది అని ఉపన్యాసమిచ్చి పంపేస్తారు. ఉపన్యాసం మంచిదే, ఈ బిడ్డకు మాత్రం పనికిరాదు. ఏడాది లోపు పిల్లలకు ఇంకా ఏ చేతివాటమూ ఏర్పడదు. రెండు చేతులూ సమానంగా ఆడాలి. ఒక్క చెయ్యే పనిచేస్తోందంటే రెండోదానికి ఏమైందో చూడాలి. చూస్తే కుడిపిడికిలి బిగుసుకుని ఉంది, విప్పితే మళ్లీ మూసుకుంటోంది. కుడివైపు కండరాలకు మెదడు నుంచి అందవలసిన ఆజ్ఞ సరిగా అందడంలేదు.

అంత చిన్న వయసులో దొరకడం వాడి అదృష్టం. ఫిజియోథెరపీ వెంటనే మొదలైంది. నాయనమ్మ తువ్వాలును ఎడమచేతి నుంచి తీసేసి, అదే తువ్వాలుతో వాడి చేత రెండు చేతులా గుంజులాట ఆడించేది. బడికి వెళ్లే వయసుకు వాడు కుడిచేత్తో గ్లాసు పట్టుకోగలిగాడు. ఆమె భయపడ్డది వేరు, జరిగింది వేరు. అయినా ఆమె వేలు పెట్టి చూపించిన చోటు సరైనదే. తల్లిదండ్రులు రోగం పేరు చెప్పలేరు. ఆ పేరు వెతకడానికే మనకు జీతమిస్తున్నారు.

మంచిపిల్ల

అన్నిటికంటే గడ్డుది, బెంగ పొగడ్త వేషంలో వచ్చినప్పుడు. నేను రిటైరవడానికి కొంచెం ముందు చూసిన ఒక కేసు వివరంగా చెబుతాను.

కుందలహళ్లిలో అద్దె ఫ్లాటులో ఉండే జంట. కిరణ్, సునీత. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఇద్దరిదీ ఒంగోలు దగ్గర ఊరు. కూతురు జెస్సీకి ఏడాదిన్నర. మనవరాలిని చూసుకోవడానికి కిరణ్ తల్లి గ్రేసమ్మగారు ఊరి నుంచి వచ్చి వీళ్లతో ఉంటోంది. బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. గదిలోకి రాగానే నా బల్ల మీద వంకరగా ఉన్న పెన్నుల డబ్బాను సరిచేసి మరీ కూర్చుంది.

ఎవరు గొణుగుతుంటారని నా మామూలు ప్రశ్న అడిగాను. గొణగడానికి ఏముందండీ, బంగారుతల్లి, అంది గ్రేసమ్మగారు. పక్కన మిక్సీ వేసినా, పై ఫ్లాటులో రోజంతా డ్రిల్లింగ్ చేసినా లేవదట. అలాంటి మంచిపిల్లను తన సర్వీసులో చూడలేదట. కిరణ్ నవ్వుతూ, తన కూతురు అచ్చం తన మేనేజర్ లాంటిదన్నాడు. వెనక నుంచి ఎన్నిసార్లు పిలిచినా పట్టించుకోదు, ఎదురుగా వెళ్లి నిలబడితే తప్ప పని జరగదన్నాడు. నేనూ నవ్వాను. సునీత నవ్వలేదు.

మాటలేమైనా వచ్చాయా అంటే గ్రేసమ్మగారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మా కిరణ్ కూడా మూడేళ్ల దాకా నోరు విప్పలేదు, ఇప్పుడు చూడండి, ఫోన్ పెట్టడు. కిరణ్ దగ్గర ఇంకో జవాబు. ఇంట్లో తెలుగు, ఆయా కన్నడ, డేకేర్‌లో ఇంగ్లిష్, కన్‌ఫ్యూజ్ అవుతోంది మేడమ్. ఈ కన్‌ఫ్యూజన్ సిద్ధాంతం బెంగళూరులో ఇంటింటా ఉంది. దీన్ని నమ్మకండి. మూడు భాషల మధ్య పెరిగిన పిల్లలు మూడింటినీ కలిపి వాగుతారే తప్ప నోరు మూసుకుని కూర్చోరు. నేను ఆ రకమే, కావాలంటే మా ఆయన్ని అడగండి.

నర్సును పిలిచి బిడ్డ బరువూ ఎత్తూ తీయమన్నాను. తండ్రీ నాయనమ్మా కూడా వెంట వెళితే బిడ్డ ఏడవకుండా ఉంటుందన్నాను. వాళ్లు ముగ్గురూ పక్కగదిలోకి వెళ్లారు. తల్లిని ఒంటరిగా ఒక్క నిమిషం కూర్చోబెట్టుకోవడం నేర్చుకోండి. ఆ ఒక్క నిమిషం కోసం ఎన్ని అబద్ధాలాడినా పాపం లేదు.

సునీత తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "నేను మళ్లీ ఆఫీసుకెళ్లడం స్టార్ట్ చేశాక నా మీద అలిగింది మేడమ్. ఇంటికొచ్చి జెస్సీ జెస్సీ అని పిలుస్తానా, తల తిప్పదు. ఎదురుగా వెళ్లి కూర్చుంటే నవ్వుతుంది, మళ్లీ బొమ్మల్లో పడిపోతుంది. ముందు అమ్మ, తాత అనేది. ఇప్పుడు అవీ మానేసింది. అత్తయ్యగారు కూడా అలకే అంటున్నారు. జాబ్ రిజైన్ చేసేద్దామనుకుంటున్నాను. అప్పుడైనా నా దగ్గరికి వస్తుందేమో."

సునీత కళ్లనీళ్లు పెట్టుకోలేదు. చాలా రోజుల కిందటే తన మీద తనే తీర్పు రాసేసుకున్నట్టు చెప్పింది. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. అలక గురించి నాకు కొంత అనుభవముంది. ఏడాదిన్నర పిల్ల అలక బిస్కెట్ కనిపించేదాకా ఉంటుంది. నెలల తరబడి అలిగేది పెద్దవాళ్లే.

వాళ్లు తిరిగొచ్చాక చెవుల సంగతి ఎత్తేసరికి ఇల్లంతా అడ్డం తిరిగింది. పుట్టినప్పుడు వినికిడి పరీక్ష పాసైంది కదా మేడమ్ అన్నాడు కిరణ్. ఫోన్‌లో పాట పెడితే గంతులేస్తుందన్నాడు. పాట పెట్టినప్పుడు ఫోన్ ఎక్కడుంటుంది అంటే, దాని మొహం ముందే, బొమ్మలు కనిపించేలా అన్నాడు. పుట్టినప్పుడు పాసైతే ఎల్లకాలం పాసైనట్టు కాదనీ, తర్వాత మెల్లగా తగ్గే వినికిడి కూడా ఉంటుందనీ చెప్పాను. గ్రేసమ్మగారికి అసలు నచ్చలేదు. పసిబిడ్డకు లేనిపోని పేరు పెట్టకండమ్మా అంది. పరీక్ష బాగుంటే నేనే మీ ఇంటికొచ్చి క్షమాపణ అడుగుతానన్నాను. ఆ బేరం ఆమెకు న్యాయంగా తోచింది.

ఒక్క ప్రశ్న

నిద్రలో ఉండగా తలకు చిన్న తీగలు అతికించి చేసే పరీక్ష అది. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో చెబుతుంది. డ్రిల్లింగ్‌కే లేవని పిల్ల కాబట్టి నిద్రపుచ్చడానికి ఇబ్బందే లేకపోయింది.

ఫలితం చెప్పడానికి ముగ్గుర్నీ కూర్చోబెట్టాను. ఇలాంటి మాటలు చుట్టుతిప్పి చెప్పకండి, వినేవాళ్లకు అది ఇంకా నరకం. రెండు చెవుల్లోనూ వినికిడి చాలా తగ్గిందనీ, చెవి వెనక పెట్టే మిషన్లతో మాటలు వినగలదనీ, ఇప్పుడే తెలిసింది కాబట్టి మాటలు నేర్చుకునే వయసు ఇంకా చేజారిపోలేదనీ చెప్పాను. గ్రేసమ్మగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. కిరణ్ నేల చూశాడు. సునీత మాత్రం నన్నే చూస్తూ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అయితే మేడమ్, ఇన్నాళ్లూ అది నా మీద అలగలేదా?"

"లేదమ్మా. ఒక్క రోజు కూడా అలగలేదు. నువ్వు పిలిచావని దానికి తెలియలేదు, అంతే."

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఒళ్లో కూతురు వాళ్లమ్మ మొహంలో ఈ వానా ఎండా చూసి, తన చేత్తో ఆమె చెంప మీద తట్టింది. నా సర్వీసులో చెడ్డ ఫలితం విని తేలికపడిన తల్లిని ఆమెనొక్కదాన్నే చూశాను. నేను కళ్లజోడు తుడుచుకునే నెపంతో కళ్లు తుడుచుకున్నాను. డాక్టర్లు అలా చేయకూడదని మీ పుస్తకాల్లో ఉంటుంది. ఉండనివ్వండి.

సునీత ఉద్యోగం మానలేదు. నోటీసు ఇచ్చే ఆలోచన అక్కడితో పోయింది. మిషన్లు పెట్టాక ఆ ఇంట్లో శాంతి కూడా పోయింది. మొదటి వారం జెస్సీ వాటిని పీకి సాంబారులో వేసిందట. మిక్సీ వేస్తే ఆయాను పట్టుకుని కేకలు పెట్టిందట. పై ఫ్లాటువాళ్ల డ్రిల్లింగ్ మీద అపార్టుమెంటు అసోసియేషన్‌కు మొదటి ఫిర్యాదు గ్రేసమ్మగారే చేసింది. మాటలు నేర్పించే పని కూడా ఆమే చేతిలోకి తీసుకుంది. థెరపిస్టు చెప్పినట్టు ఎదురుగా కూర్చుని చెంచా, నీళ్లు, చెప్పులు అంటూ ఇల్లంతా పాఠం చెప్పేది. ఇంత తెలుగు పాఠమూ విన్నాక పిల్ల మొదట గట్టిగా అన్నది ఆయా దగ్గర పట్టుకున్న 'బేడ'. వద్దు అనే ఆ ఒక్క కన్నడ ముక్కతో ముగ్గురు పెద్దవాళ్లను ఆడించింది. సునీత ఫోన్ చేసి ఈ విడ్డూరాలన్నీ చెప్పి, చివర్లో, సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ పిలిస్తే లోపల నుంచి పరుగెత్తుకొస్తోంది మేడమ్ అంది. ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంది.

మీకు చెప్పదలచుకున్నది

ఇదంతా చదివి, తల్లి మాటే వేదం అని మీరు వెళ్లి ప్రకటిస్తే నా పరువు పోతుంది. బెంగ రోగనిర్ధారణ కాదు, ఎక్కడ తవ్వాలో చూపిస్తుంది, అంతవరకే. తవ్వడానికి మన పరీక్షలూ ప్రశ్నావళులూ ఉన్నాయి, అవి బద్ధకం లేకుండా చేయాలి. ఇంట్లో ఎవరికీ బెంగ లేదన్నారని బిడ్డను చూడకుండా పంపేయడం ఇంకా పెద్ద తప్పు. తల్లి బెంగపడితే బిడ్డను చూడు, బెంగపడకపోయినా బిడ్డను చూడు అనేవారు మా చీఫ్. బెంగపడినప్పుడు మరింత శ్రద్ధగా చూడమనేవారు. అన్నిటికంటే నాకు ఒళ్లుమండేది, పిల్లలు వాళ్లంతట వాళ్లే మాట్లాడతారులే, ఆరు నెలలాగి రండి అనే డాక్టర్లు. ఆ ఆరు నెలలు మీకు క్యాలెండర్లో ఆరు కాగితాలు, ఏడాదిన్నర బిడ్డకు బతికిన కాలంలో మూడోవంతు. ఆగమనే ముందు కనీసం చెవులైనా పరీక్ష చేయించండి.

రాసిన కొద్దీ ఉపన్యాసమైపోతోంది. ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను.

నా ఉద్యోగం చివరి రోజుల్లో ఒక ఉదయం గ్రేసమ్మగారు మళ్లీ వచ్చింది. వెంట జెస్సీ లేదు. తమ అపార్టుమెంటులోనే ఉండే ఒక అమ్మాయిని, ఆమె రెండేళ్ల కొడుకును దాదాపు లాక్కొచ్చింది. ఆ అమ్మాయి చంకలో ఇంకో పసిగుడ్డు కూడా ఉంది. గ్రేసమ్మగారు కూర్చోకుండానే చెప్పింది. "ఈ బాబు పిలిస్తే పలకటంలేదు డాక్టరమ్మా. చెల్లెలు పుట్టిందని అలిగాడంటుంది వాళ్లమ్మ. మేమూ అలాగే అనుకున్నాం కదా. ముందు వీడి చెవులు చూడండి."

చూశాం. చెవులు చూశాం, మాటలు చూశాం, ఆట చూశాం, అడగవలసినవన్నీ అడిగాం. వాడికి ఏ లోటూ లేదు. పక్కగదిలో ఎవరో చాక్లెట్ కాగితం విప్పితే ఇక్కడ తల తిప్పాడు. వాళ్లమ్మ పిలిస్తే మాత్రం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

గ్రేసమ్మగారిని కొంచెం ఏడిపించాలనిపించింది. వీడు నిజంగానే అలిగాడండీ, ఇంత దూరం ఊరికే వచ్చారు అన్నాను.

ఆమె ఏమీ చిన్నబుచ్చుకోలేదు. వాడి చెయ్యి పట్టుకుని తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మంచిదే కదమ్మా. అలకైతే మేం ఇంట్లో తీర్చుకుంటాం. అలక కానిది ఇంట్లో తీరదు కదా."